ఐదేళ్ల పెట్రోలు బండి, మూడు నెలల డీజిల్ బండి: నిమ్మతోటల దారుల్లో నా లెక్క

నెల్లూరు జిల్లా పొదలకూరు నిమ్మ మార్కెట్టు దగ్గర నేను కిరాయికి బండి తోలతాను. 2021 మార్చిలో మారుతి వాళ్ల చిన్న సరకు బండి, సూపర్ క్యారీ పెట్రోలుది కొన్నాను. ఇప్పటికి 1,12,000 కిలోమీటర్లు తిరిగింది. వాయిదాలు పోయినేడే అయిపోయాయి. చుట్టూ ఉన్న బండ్లన్నీ డీజిలే. టీకొట్టు దగ్గర కూర్చున్నప్పుడల్లా ఎవరో ఒకరు "ఇంకెన్నాళ్లన్నా ఆ పెట్రోలు బండి? ఇచ్చేసి పెద్ద డీజిల్ బండి తెచ్చుకోరాదా" అంటూనే ఉంటారు. 2025 సెప్టెంబరు 22 నుంచి సరకు బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గాక షోరూముల వాళ్ల ఫోన్లు కూడా ఎక్కువయ్యాయి. నాకూ మనసు లాగింది. అబద్ధం ఎందుకు, ఒకరోజు పోయి కొటేషను కూడా రాయించుకొచ్చాను.

అదే సమయంలో మా బావకు మోకాలి ఆపరేషను అయింది. ఆయన డీజిల్ పికప్ ఊరికే ఇంటి ముందు ఉండిపోయింది. "బండి నిలబడితే పాడవుద్ది, నువ్వు తోలుకో బావా, లాభమో నష్టమో నీకే తెలుస్తుంది" అన్నాడు. అట్లా మూడు నెలలు నా కిరాయిలు చాలావరకు ఆ బండి మీదే తోలాను. కొనకముందే ఇన్ని రోజులు వాడి చూసే అవకాశం అందరికీ రాదు కాబట్టి, చూసింది చూసినట్టు రాస్తున్నాను.

ముందు నా బండి సంగతి. 1196 సీసీ, నాలుగు సిలిండర్ల ఇంజను, అప్పట్లో మారుతి ఈకో వ్యానులో ఉండేదే. కంపెనీ లెక్కన 740 కిలోలు మోస్తుంది. నేను ఎత్తే నిమ్మకాయల బస్తా దాదాపు 80 కిలోలు ఉంటుంది గనక తొమ్మిది బస్తాలు నిండుగా సరిపోతాయి. తొట్టి ఏడడుగుల చిల్లర పొడవు. చూసేవాళ్లకు చిన్నదిగా కనబడుతుంది గానీ, తోట దారుల్లో ఆ చిన్నతనమే నాకు ఆస్తి. మా వైపు తోటలకు పోయే డొంకలు రెండు పక్కలా ముళ్లకంప, మధ్యలో ఒక బండి పట్టేంత దారి. లోపలికి పోయాక తిప్పుకోవడానికి బోరు షెడ్డు ముందు ఉన్న కాస్త జాగానే గతి. నా బండి ఒకే విడతలో తిరిగిపోతుంది. కంపెనీ పుస్తకంలో టర్నింగు రేడియస్ 4.3 మీటర్లని రాసి ఉంది. ఆ అంకె విలువ డొంకలో బండి ఇరుక్కున్నవాడికే తెలుస్తుంది.

ఐదేళ్లలో ఏం మార్చానంటే క్లచ్ ప్లేటు ఒకసారి, బ్యాటరీ ఒకసారి, టైర్లు రెండుసార్లు, బరువు మోసే వెనక కమాన్ కట్టలో ఒక ఇనుప పట్టీ. క్లచ్, పట్టీ రెండూ నా తప్పే. రెండో ట్రిప్పు ఎందుకులే అని పదకొండు, పన్నెండు బస్తాలు వేసిన రోజులున్నాయి. ఇంజను తల ఇంతవరకు విప్పలేదు. పొద్దున నాలుగున్నరకు తాళం తిప్పితే ఒక్కసారికే లేస్తుంది. సీటు కిందే ఇంజను గనక మే నెలలో నడుము కింద పొయ్యి పెట్టినట్టే ఉంటుంది. కొబ్బరిపీచు పరుపు వేసుకుని తోలతాను. మన ఎండలకు అది కూడా కొంతవరకే.

నాకు బండి నమ్మకం అంటే ఏమిటో చెప్పాలి. తెల్లవారుజామునే కోత మొదలవుతుంది. కూలీలు కాయ కోసి, గోతాల్లో నింపి, మూతి కుట్టేసరికి పొద్దెక్కుతుంది. మార్కెట్లో వేలం పాట మొదలయ్యేలోగా సరుకు దించాలి. ఆలస్యమైతే కొనేవాళ్లు తమకు కావలసింది కొనేసి ఉంటారు. మిగిలిన కాయకు వాళ్లు చెప్పిందే ధర. రైతుకు ఆ రోజు పోయిన రూపాయి మళ్లీ రాదు. కిరాయి నాకు వస్తుంది, నష్టం మాత్రం ఆయనది. అందుకే నా పనిలో మైలేజీ కన్నా ముందు చూసుకోవలసింది బండి వేళకు చేరడం.

పెట్రోలు బండికి చేతకాని పని కూడా ఉంది. రాపూరు ఘాటు ఎక్కి చిట్వేలు వైపు దిగే కిరాయిలు ఏడాదికి ఐదారు వస్తాయి. తొమ్మిది బస్తాలతో ఆ వెలిగొండ కొండలు ఎక్కుతుంటే రెండో గేరులో ఇంజను గోలపెడుతుంది. మలుపు దగ్గర ఎదురుగా బస్సొచ్చి ఆపాల్సి వస్తే మళ్లీ మొదటి గేరు. టార్కు, అంటే లాగే బలం, 98 న్యూటన్ మీటర్లు, అది కూడా ఇంజను నిమిషానికి 3000 చుట్లు (ఆర్‌పీఎం) తిరిగినప్పుడు. ఇంజను తిప్పితే తప్ప బలం రాదు. బావ బండికి దాదాపు రెట్టింపు టార్కు, అదీ అందులో సగం ఆర్‌పీఎం దగ్గరే. అదే ఘాటు పదహారు బస్తాలతో మూడో గేరులో, మాట్లాడుకుంటూ ఎక్కేశాను. పక్కన కూర్చున్న రైతు "ఇదీ బండంటే" అన్నాడు. కాదనలేకపోయాను.

చెన్నై కోయంబేడు మార్కెట్టు ట్రిప్పులు కూడా ఆరు తోలాను. నెల్లూరు దాటి 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కాక డీజిల్ బండి సుఖం చెప్పనలవి కాదు. టాప్ గేరులో అరవై మీద పెట్టి వదిలేస్తే నిండు లోడుతో పోతూనే ఉంటుంది. ఆ ట్రిప్పుల్లో లీటరుకు 14.5 కిలోమీటర్లు ఇచ్చింది. ఆ నెలల్లో మా బంకులో డీజిల్ లీటరు 98 చేరువ, పెట్రోలు 110 చేరువ. హైవే మీద నా బండి 15.5 ఇస్తుంది. అంటే కిలోమీటరుకు డీజిల్ బండికి 6.76 రూపాయలు, నాదానికి 7.10. తేడా పెద్దగా లేదనిపిస్తుంది గానీ, బస్తాల లెక్కన విడదీయండి. పదహారు బస్తాల మీద బస్తాకు కిలోమీటరుకు 42 పైసలు, తొమ్మిదింటి మీద 79 పైసలు. దూరపు కిరాయిలో డీజిల్ బండితో పెట్రోలు బండి పోటీ పడలేదు. అక్కడికి నేను ముప్పాతికవంతు ఒప్పేసుకున్నాను.

ఆ తరవాత నవంబరు వానలు పట్టుకున్నాయి. చెన్నై కిరాయిలు ఆగిపోయాయి. మూడు వారాలు రోజూ తోటలే. ఆరు కిలోమీటర్లు పోవడం, కోత అయ్యేదాకా ఆగడం, ఎనిమిది కిలోమీటర్లు రావడం. ఒకరోజు బోర్డు మీద పసుపు లైటు వెలిగింది. పనుల ఒత్తిడిలో రేపు చూద్దామనుకున్నాను. రెండు రోజులు పోయాక పద్నాలుగు బస్తాలతో చెరువుకట్ట ఎక్కుతుంటే ఇంజను బలం ఒక్కసారిగా పడిపోయింది. యాక్సిలరేటరు నేల దాకా తొక్కినా బండి ఇరవై దాటడం లేదు. కట్ట మీద పక్కకు తీసి ఆపాను. టైము ఎనిమిదిన్నర. నా పెట్రోలు బండి ఇంటి దగ్గర ఉంది. మా తమ్ముడికి ఫోన్ చేసి తెప్పించి, బస్తాలు ఇందులోంచి అందులోకి మార్చి, రెండు విడతలుగా తోలేసరికి పాట దాదాపు అయిపోయింది. ఆ రైతు ఒక్క మాట కూడా అనలేదు. తువ్వాలు భుజాన వేసుకుని బస్తాల పక్కన కూర్చున్నాడు. తిడితే కాస్త తేలిగ్గా ఉండేదేమో. ఆ రోజు కిరాయి నేను తీసుకోలేదు.

బండి ఏ కంపెనీదో రాయడం లేదు. అది ఒక కంపెనీ తప్పు కాదు, బీఎస్6 అనే కొత్త పొగ నిబంధనల కింద వచ్చిన డీజిల్ బండ్ల తీరే అంత. 2020 ఏప్రిల్ నుంచి అమ్మే డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే జల్లెడ ఒకటి ఉంటోంది. డీపీఎఫ్ అంటారు. అది నిండినప్పుడల్లా మసిని తనే కాల్చుకుంటుంది. అందుకు పొగ వేడి 600 డిగ్రీల దాకా పోవాలి. హైవే మీద ఇరవై నిమిషాలు ఒకే వేగంతో పోతే ఆ పని మనకు తెలియకుండానే అయిపోతుంది. నాలాగా ఆరు కిలోమీటర్లకొకసారి ఇంజను ఆపేస్తే కాలడం మధ్యలోనే ఆగుతుంది, మసి పేరుకుంటుంది. మెకానిక్కు ఆయిల్ గేజి తీసి చూపించాడు. ఆయిలు పై గీత దాటి అర అంగుళం పైకి ఉంది. ఆయిలు తగ్గడం చూశాను గానీ పెరగడం అదే మొదటిసారి చూడటం. వేలికి రాసుకుని వాసన చూస్తే డీజిల్ వాసన. మసి కాల్చడానికి ఇంజను అదనంగా చిమ్మిన డీజిలు, పని పూర్తికాక సిలిండరు గోడల వెంట కిందికి జారి ఆయిల్లో కలిసిందట. అట్లాగే తోలితే బేరింగులు పోతాయన్నాడు. కంప్యూటరు పెట్టి మసి కాల్పించి, ఆయిలు మార్చేసరికి రెండు రోజులు, పదకొండు వేలు.

అప్పటినుంచి లైటు వచ్చినా రాకపోయినా వారానికొకసారి ఖాళీ బండితో నెల్లూరు దాటి హైవే ఎక్కి, అరగంట తోలి వచ్చేవాణ్ణి. మళ్లీ ఇబ్బంది పెట్టలేదు. కానీ ఆ డీజిలు ఖర్చు ఎవరి ఖాతాలో రాయాలి? తోటల పనిలో లీటరుకు 10.5 వచ్చింది, అంటే కిలోమీటరుకు 9.33. నా పెట్రోలు బండి అదే దారుల్లో 13 ఇస్తుంది, 8.46 పడుతుంది. డీజిల్ అంటేనే చౌక అనుకునేవాణ్ణి. నా దారుల్లో అది తిరగబడింది.

పెట్రోలు వైపు కూడా ఒక తరుగుదల ఉంది. 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు వచ్చాక నా మైలేజీ కొంచెం పడింది. మునుపు తోటల్లో 13.8 వచ్చేది. ఇథనాల్లో శక్తి పెట్రోలు కన్నా మూడోవంతు తక్కువ గనక అది తప్పదు. పైన రాసిన 13 ఇప్పటి లెక్కే.

ఇక అసలు లెక్క. నా కిరాయి పుస్తకం ముందేసుకుని ఒక ఏడాది ట్రిప్పులన్నీ చూశాను. మొత్తం 640. తొమ్మిది బస్తాలు దాటి రెండోసారి పోవాల్సి వచ్చినవి 94. సగటున పోనూ రానూ 35 కిలోమీటర్లు. అంటే చిన్న బండి కావడం వల్ల ఏడాదిలో నేను అదనంగా తిరిగింది 3,290 కిలోమీటర్లు, పెట్రోలు దాదాపు 28 వేలు. నా శ్రమ, టైము కలుపుకుని దాన్ని రెట్టింపు చేసినా 56 వేలు. డీజిల్ పికప్ కొటేషను రోడ్డు మీదకు వచ్చేసరికి పదిన్నర లక్షలు. నా బండికి రెండు లక్షల అరవై వేలు ఇస్తామన్నారు. కొత్త బండ్లు చౌకయ్యాక పాతవాటి ధర కూడా దిగింది, అది మాత్రం ఫోన్లో ఎవరూ చెప్పరు. బీమా, చిల్లర ఖర్చులతో ఎనిమిది లక్షల అప్పు. 11 శాతం వడ్డీకి నాలుగేళ్లంటే నెలకు 20,700. ఏడాదికి రెండున్నర లక్షలకు రెండు వేలు తక్కువ. 56 వేల బరువు దించుకోవడానికి రెండున్నర లక్షల బరువు ఎత్తుకోవడం.

ఆ తేడా చెన్నై కిరాయిలు పూడ్చాలి. నేను తోలిన ఆరు ట్రిప్పుల్లో నాలుగుసార్లు ఖాళీగానే తిరిగొచ్చాను. మా మార్కెట్టు నుంచి దూరం పోయే కాయ ఎటూ లారీల్లో పోతుంది. వాళ్ల రేటుకు పికప్ తూగదు. ఏదో లారీ దొరకని రోజు, తొందర ఉన్న రోజు మాత్రమే మనకు పిలుపు. నెలకు ఎనిమిది నిఖరమైన దూరపు కిరాయిలు ఉండి, సగం రిటర్ను లోడు దొరికితే నా నిర్ణయం వేరేగా ఉండేది.

సింగరాయకొండ దగ్గర రొయ్యల చెరువుల కిరాయి తోలే స్నేహితుడొకడున్నాడు. ఐసు, రొయ్యల ట్రేలు, రోజుకు 160 కిలోమీటర్లు, సగానికి పైగా హైవే. వాడు పోయినేడు పెట్రోలు బండి ఇచ్చి డీజిల్ తీసుకున్నాడు, బాగుపడ్డాడు. పసుపు లైటంటే ఏంటో వాడికి తెలియదు. పొగాకు బేళ్లు, గ్రానైటు ముక్కలు తోలేవాళ్లకూ డీజిలే. 740 కిలోల బండికి అవి పెట్టే పనే కాదు.

కొనేవాళ్లు గమనించాల్సింది ఇంకొకటి. బండి, లోడు కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరకు బండికి పర్మిట్ అక్కర్లేదు. 1.3 టన్నుల లోడు మోసే పికప్‌లు సాధారణంగా ఆ లోపే ఉంటాయి, 1.7 టన్నులు మోసేవి దాటిపోతాయి. ఆర్‌సీలో ఆ అంకె చూసుకుని సంతకం పెట్టండి. సీఎన్‌జీ సంగతి కూడా కొందరు అడిగారు. నా బండిలోనే సీఎన్‌జీ రకం 625 కిలోలే మోస్తుంది. రెండు బస్తాలు దించుకోవాలి, ట్రిప్పులు ఇంకా పెరుగుతాయి. నాకు పనికిరాదు.

సంక్రాంతికి ముందు బావ బండి కడిగించి, ట్యాంకు నింపి అప్పజెప్పాను. వారానికొకసారి హైవే ఎక్కించమని గట్టిగా చెప్పాను. "అంత నచ్చినోడివి కొనుక్కోవేంది బావా?" అన్నాడు. కిరాయి పుస్తకం చూపించాను. రాపూరు ఘాటు కిరాయిలు వచ్చినప్పుడు ఆయన బండే తీసుకుపోయి, వచ్చిందాంట్లో సగం ఇచ్చేట్టు మాట్లాడుకున్నాం.

నా బండికి వెనక కమాన్ కట్టలు రెండూ కొత్తవి వేయించాను, నాలుగు టైర్లు మార్చాను, స్పార్కు ప్లగ్గులు, బ్రేకు లైనింగులు అయ్యాయి. అంతా కలిపి 31 వేలు. పదో బస్తా ఎక్కించడం మానేశాను. రేపు చేజర్ల వైపు తోటలో కోత ఉంది, ఎనిమిది బస్తాలని చెప్పారు. అయిదింటికల్లా అక్కడుండాలి.