ఆర్కిటెక్చర్‌లో చేరుతున్నారా? ‘స్టూడెంట్ ప్యాకేజీ’ ల్యాప్‌టాప్ జోలికి వెళ్లకండి

ఆర్కిటెక్చర్‌లో సీటు వచ్చినవాళ్లు, వాళ్ల అమ్మానాన్నలు ల్యాప్‌టాప్ కొనేముందు దయచేసి ఇది పూర్తిగా చదవండి. నేను మూడో సంవత్సరం చదువుతున్నాను. నాకు సీటు రాగానే నాన్న ‘ఆర్కిటెక్చర్ స్టూడెంట్ ప్యాకేజీ’ అని అమ్ముతున్న ల్యాప్‌టాప్ కొనిచ్చారు. ల్యాప్‌టాప్, బ్యాగు, మౌసు, సాఫ్ట్‌వేర్లన్నీ ముందే ఎక్కించి ఇస్తారు. అమ్మినవాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు. ఎందుకంటే ఇదే పద్ధతిలో అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లు చెప్పే మాటలూ ఇంచుమించు ఇవే.

“12 జీబీ గ్రాఫిక్స్ సార్, కోర్సు అయిపోయేదాకా ఇంకోటి చూసుకోనక్కర్లేదు” అన్నారు నాన్నతో. 3డీ బొమ్మల్ని తెర మీద చూపించే గ్రాఫిక్స్ కార్డుకి 12 జీబీ మెమరీ ఉందని దాని అర్థం. ఆ 12 ఎక్కడి నుంచి వచ్చిందో నాకు రెండో ఏడాదిలో అర్థమైంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్లి గ్రాఫిక్స్ కార్డు మీద క్లిక్ చేస్తే కింద రెండు అంకెలు విడివిడిగా కనిపిస్తాయి. నా దాంట్లో డెడికేటెడ్ మెమరీ 4 జీబీ, షేర్డ్ మెమరీ 7.8 జీబీ. ఆ రెండూ కలిపేసి 12 అని అమ్మారు. షేర్డ్ అంటే కార్డులో ఉన్న మెమరీ కాదు. అవసరం పడితే వాడుకోవడానికి మామూలు ర్యామ్‌లో సగం వరకు విండోస్ చూపించే వాటా అది, వేగంలో కార్డు మెమరీకి చాలా దూరం. అంటే మాకు అసలు దక్కింది 4 జీబీ.

మొదట్లో తేడా తెలియలేదు. ఆటోక్యాడ్‌లో ప్లాన్లు గీసినంతకాలం బాగానే నడిచింది. హౌసింగ్ ప్రాజెక్టుకి ట్విన్‌మోషన్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో చెట్లు, గడ్డి, మనుషుల బొమ్మలు పెట్టడం మొదలుపెట్టాక కథ మారింది. టాస్క్ మేనేజర్ పక్కన తెరిచి చూస్తే ఆ 4 జీబీ గీత పైకి వెళ్లి అక్కడే బల్లపరుపుగా నిలబడిపోయేది. కెమెరా ఇటు తిప్పితే బొమ్మ ఎప్పటికో కదిలేది. ఆ తర్వాత వీడియో మెమరీ అయిపోయిందని ఒక మెసేజ్, ప్రోగ్రామ్ మూసుకుపోవడం. జ్యూరీ (మా ప్రాజెక్టులు చూసి ప్రశ్నలు అడిగే రోజు) ముందురోజు రాత్రి చెట్లు తీసేసి, ఖాళీ స్థలంలో భవనం ఒక్కటే నిలబెట్టి రెండర్లు (3డీ మోడల్ నుంచి తీసే ఫొటోల్లాంటి బొమ్మలు) తీసుకున్నాను. ల్యాండ్‌స్కేప్ ఏదని జ్యూరీలో అడిగారు. సమాధానం నా ప్లాన్‌లో ఉంది, వ్యూలో లేదు.

ఇంకో సంగతి, పేరు చూసి గ్రాఫిక్స్ కార్డు కొనకండి. ఒకే పేరున్న కార్డుకి ఒక్కో ల్యాప్‌టాప్‌లో ఒక్కోలా కరెంటు అందుతుంది. ఉదాహరణకు ఆర్‌టీఎక్స్ 4060 ల్యాప్‌టాప్ కార్డుని 35 వాట్ల నుంచి 115 వాట్ల వరకు ఎంతకైనా అమర్చుకునే వీలు తయారీదారుకి ఉంటుంది. పలుచటి ల్యాప్‌టాప్‌లో తక్కువ వాట్లు పెడితే పేరు అదే, పని అది కాదు. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే ‘మ్యాగ్జిమమ్ గ్రాఫిక్స్ పవర్’ అని రాసి ఉంటుంది. షాపులోనే తెరిపించి చూడండి.

వీటన్నిటికంటే నాకు కోపం తెప్పించింది సాఫ్ట్‌వేర్ వ్యవహారం. ‘అన్ని సాఫ్ట్‌వేర్లూ లైఫ్‌టైమ్’ అని ప్యాకేజీలో విడిగా డబ్బు కట్టించుకున్నారు. అవన్నీ క్రాక్ చేసినవే. నా ఈమెయిల్‌లోకి ఎవరో లాగిన్ అయ్యారని అలర్ట్ వచ్చాక అనుమానంతో విండోస్ సెక్యూరిటీ తెరిచి చూశాను. ఎక్స్‌క్లూజన్స్ జాబితాలో సీ డ్రైవ్ మొత్తం పెట్టి ఉంది. అంటే కొన్న రోజు నుంచీ ఆ డ్రైవ్‌ని యాంటీవైరస్ స్కాన్ చేయకుండా వదిలేస్తోంది! లాగిన్‌కి కారణం అదే అని నేను నిరూపించలేను, కానీ తలుపు తీసి పెట్టింది మాత్రం వాళ్లే. ఇక్కడ మరీ బాధనిపించేది ఏంటంటే, అర్హత ఉన్న విద్యార్థులకు ఆటోక్యాడ్, రెవిట్, 3డీఎస్ మ్యాక్స్ లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్లని వాటిని తయారుచేసే ఆటోడెస్క్ కంపెనీ ఉచితంగానే ఇస్తుంది. కాలేజీలో చదువుతున్నట్టు రుజువు చూపిస్తే ఏడాది లైసెన్స్ వస్తుంది, చదువు ఉన్నంతకాలం రెన్యువల్ చేసుకోవచ్చు. ఉచితంగా దొరికేదాన్ని దొంగ కాపీగా మార్చి మా నాన్న దగ్గర డబ్బు తీసుకున్నారు.

నా ల్యాప్‌టాప్‌లో ఎక్కించిన రెవిట్ వెర్షన్ మా ల్యాబ్‌లో ఉన్నదానికంటే కొత్తది. కొత్త రెవిట్‌లో సేవ్ చేసిన ఫైల్ పాత రెవిట్‌లో తెరుచుకోదు, పాత వెర్షన్‌కి మార్చి సేవ్ చేసే ఆప్షన్ కూడా లేదు. ఇంట్లో చేసిన పని ల్యాబ్‌లో చూపించలేక పడ్డ టెన్షన్ నాకు తెలుసు. స్క్రీన్ గురించి ఎక్కువ చెప్పను. స్క్రీన్ ఎన్ని రంగులు చూపించగలదో చెప్పే కొలతలు ఎన్‌టీఎస్‌సీ, ఎస్‌ఆర్‌జీబీ. స్పెసిఫికేషన్‌లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని ఉంటే వదిలేయండి, 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ ఉన్నది చూడండి. నా స్క్రీన్ మీద మట్టిరంగులో కనిపించిన ఇటుక గోడ, షీటు ప్రింటు తీస్తే ఎర్రగా వచ్చింది.

వెనక్కి ఇవ్వడానికి వెళ్తే, “ఆన్ అవుతోంది కదా, రిపేరు ఏముంది?” అన్నారు. బిల్లులో గ్రాఫిక్స్ అన్న మాటే లేదు, మోడల్ పేరు ఒక్కటే ఉంది.

అసలు సొంత కంప్యూటర్ కావాలా అని జూనియర్లు అడుగుతుంటారు. కావాలి, కానీ సీటు వచ్చిన రోజే కాదు. మొదటి ఏడాది చాలాచోట్ల చేత్తోనే గీయిస్తారు. డ్రాయింగ్ బోర్డు, టీ స్క్వేరు, సెట్ స్క్వేర్లు, మోడల్‌కి మౌంట్ బోర్డు, కటర్, వీటితోనే సరిపోతుంది. ల్యాప్‌టాప్ తెస్తే పక్కన పెట్టమనే స్టూడియోలు కూడా ఉన్నాయి. అవసరమైన కాస్త పని ల్యాబ్‌లో అయిపోతుంది. రెండో ఏడాది నుంచి మాత్రం ల్యాబ్‌ను నమ్ముకుని నెట్టుకురావడం కష్టం. సబ్మిషన్ వారంలో అందరికీ ఒకేసారి అవే కంప్యూటర్లు కావాలి, రెండర్ పెట్టాక అది పూర్తయ్యేదాకా ఆ కంప్యూటర్ ఇంకొకరికి పనికిరాదు, ల్యాబ్‌కి తాళం వేసే టైమ్ ఒకటి ఉంటుంది. మన పని సగానికి సగం ఆ తాళం పడ్డాకే నడుస్తుంది. అప్పులు చేసి కొనే పరిస్థితి ఉంటే, ల్యాబ్ వేళలు ఏంటో ముందు కనుక్కోండి. డ్రాఫ్టింగ్ వరకు ఒక మామూలు కంప్యూటర్ ఇంట్లో పెట్టుకుని, రెండర్లు ల్యాబ్‌లో చేసుకుని నెగ్గుకొస్తున్న స్నేహితులు నాకున్నారు.

మొదటి ఏడాది ఆగితే మీ స్టూడియోలో ఏ సాఫ్ట్‌వేర్ వాడతారో తెలిసిపోతుంది. అది తెలియకుండా మ్యాక్ అసలే కొనకండి. స్కెచ్‌అప్, రైనో, ఆర్కిక్యాడ్ దాని మీద నడుస్తాయి గానీ రెవిట్, 3డీఎస్ మ్యాక్స్ విండోస్‌కే ఉన్నాయి. కొనడానికి వెళ్లేటప్పుడు ఒక సీనియర్‌ని బతిమాలి అయినా వెంట తీసుకెళ్లండి, మంచి బరువున్న ప్రాజెక్టు ఫైల్ ఒకటి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. డెమో పీస్ మీద తెరిచి తిప్పి చూపించమంటే ఒప్పుకోని చోట కొనొద్దు. ర్యామ్ 16 జీబీకి తగ్గకూడదు, తర్వాత పెంచుకునే స్లాటు ఉందో, బోర్డుకే అతికించేశారో అడగండి. డెడికేటెడ్ గ్రాఫిక్స్ మెమరీ ఎంత, వాట్లు ఎంత, ర్యామ్ ఎంత అన్నది బిల్లు మీదే రాయించి సంతకం తీసుకోండి. రాయం అంటే లేచి వచ్చేయండి.

ఇలాంటి ప్యాకేజీ ఇప్పటికే కొనేసినవాళ్లు ఈరోజే విండోస్ సెక్యూరిటీలో ఎక్స్‌క్లూజన్స్ చూసుకోండి. అందులో ఏమైనా ఉంటే మీ ఫైళ్లు మాత్రం వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకుని, విండోస్‌ని మొదటి నుంచి మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. పాస్‌వర్డులు ఇంకో కంప్యూటర్ నుంచి మార్చండి. ఆ తర్వాతే స్టూడెంట్ లైసెన్స్‌కి అప్లై చేయండి. వెర్షన్ ఎంచుకునేటప్పుడు మీ ల్యాబ్‌లో ఉన్నదే తీసుకోండి.