పాత డోజర్ ట్రాన్స్‌మిషన్ వేడెక్కితే: ఉన్న కూలర్ కడగాలా, కొత్తది తగిలించాలా?

టార్క్ కన్వర్టర్ (ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్లకు అందించే భాగం) ఉన్న పాత డోజర్లో ఆయిల్ 120 డిగ్రీలు దాటుతుంటే పని ఆపాల్సిందే. మందు వేసేముందు నాడి చూడాలి: ఆయిల్ లెవెల్, ఫిల్టర్లు, క్లచ్ ప్రెషర్. ప్రెషర్ తక్కువుంటే ప్లేట్లు జారి వేడి పుడుతుంది. అప్పుడు ఏ కూలరూ కాపాడదు.

ప్రెషర్ బాగుంటే, ఇంజన్ నీళ్లతో ఆయిల్‌ని చల్లబరిచే కూలర్‌లోకి ఆయిల్ వెళ్లే పైపునీ బయటికొచ్చే పైపునీ టెంపరేచర్ గన్‌తో చూడండి. లోడ్ మీద రెండూ దాదాపు ఒకేలా కాలుతుంటే కూలర్ లోపల పెచ్చు కట్టిందనే అనుమానించాలి.

కడగడం చవక. కూలర్ విప్పి, నీటివైపు 10 లీటర్ల గోరువెచ్చని నీళ్లలో అరకిలో నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి రెండు గంటలు తిప్పండి. సున్నం కరిగి, తుప్పు కలిసిన ఎర్రటి నీళ్లు దిగుతాయి. తర్వాత వంట సోడా నీళ్లతో కడగాలి. అల్యూమినియం కూలరైతే ఈ పద్ధతి వద్దు. ఆయిల్‌వైపు డీజిల్‌ను ఎదురు దిశలో పంపండి. బిగించేముందు గాలి పట్టి నీటిలో ముంచి చూడటం మానొద్దు. చిన్న లీకున్నా ఆయిల్ మజ్జిగలా మారి క్లచ్‌లు పోతాయి.

అదనపు ఎయిర్ కూలర్‌కి ఖర్చెక్కువ. పాత కూలర్ తర్వాత, ఆయిల్ తిరిగొచ్చే రిటర్న్ లైన్‌లో పెట్టాలి, హోస్ అసలు పైపుకన్నా సన్నగా ఉండకూడదు. రేడియేటర్ ముందు పెడితే ఇంజనే ఉడకొచ్చు. దుమ్ములో పనైతే రోజూ గాలి కొట్టి కూలర్ శుభ్రం చేయాలి.

మా ఓటు కడగడానికే. కడిగాక కూడా ఎండాకాలం బరువు పనిలో వేడి దిగకపోతేనే రెండోది.