మూసీ వరద గురించి వెతికేటప్పుడు: ఇంగ్లిష్ వికీపీడియా, తెలుగు వికీపీడియా

1908 సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచెత్తిన మూసీ వరద గురించి వ్యాసం రాయవలసిన విద్యార్థికి రెండు దారులున్నాయి: 2001లో మొదలైన ఇంగ్లిష్ వికీపీడియా, 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా.

ఇంగ్లిష్‌లో రాసేవారు, సరిదిద్దేవారు చాలా ఎక్కువ కాబట్టి అక్కడి పొరపాటు సాధారణంగా త్వరగా బయటపడుతుంది. తెలుగులో ఆ పని చేసేవారు తక్కువ కావడంతో తప్పు వాక్యం ఎవరి కంటా పడకుండా చాలాకాలం ఉండిపోవచ్చు; పైగా కొన్ని తెలుగు వ్యాసాలు ఇంగ్లిష్ నుంచి అనువదించినవే కనుక, రెండు చోట్లా ఒకే అంకె కనిపించినంత మాత్రాన రెండు సాక్ష్యాలు దొరికినట్టు కాదు. ఈ సంగతిని పిల్లలకు ముందుగానే చెప్పాలని నేను గట్టిగా కోరుకుంటాను. పేటల పేర్ల సరైన రూపానికి మాత్రం తెలుగు పేజీయే మేలు.

ఆ వరదలో సుమారు 15,000 మంది మరణించారని తరచుగా చదువుతాం. అంతకు ఎంతో ఎక్కువ చెప్పేవారూ ఉన్నారు. ఇలాంటి చోట, పేజీ ఏ భాషలో ఉన్నా, వాక్యం చివరనున్న చిన్న సంఖ్యను నొక్కి, ఆ మూలం ఆనాటి నివేదికా, చరిత్రకారుల రచనా, లేక మరో వెబ్‌సైటు నుంచి ఎత్తిరాసినదా అని చూడాలి. వ్యాసం గురించి రాసేవారు మాట్లాడుకునే ‘చర్చ’ పేజీ చదివితే ఏ విషయం మీద భేదాభిప్రాయం ఉందో తెలుస్తుంది.

నేనైతే ఇంగ్లిష్ పేజీతో మొదలుపెట్టి, తెలుగు పేజీలో పేర్లు సరిచూసుకొని, మూలాల పట్టికను కాగితం మీద రాసుకొని, అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డునే ఉన్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికి వెళ్తాను.