కారుకు బయట పెట్టించిన క్రూయిజ్ కంట్రోల్: నాలుగేళ్ల వాడకం తర్వాత

నా కారులో క్రూయిజ్ కంట్రోల్ లేదు, అంటే యాక్సిలరేటర్ మీద పాదం తీసేసినా సెట్ చేసిన వేగాన్ని పట్టి ఉంచే ఏర్పాటు. అదే కారు పై మోడల్‌లో ఉంది, నేను తీసుకున్న దాంట్లో లేదు. కొన్నప్పుడు అది పెద్ద లోటుగా అనిపించలేదు. వారానికోసారి హైవే మీద పోను రాను 300 కిలోమీటర్లు తిరగడం మొదలయ్యాక కుడి చీలమండ నొప్పి పట్టుకుంది. యాక్సిలరేటర్ మీద పాదాన్ని గంటల తరబడి ఒకే వంపులో ఉంచితే కారు దిగగానే కాసేపు కుంటాల్సి వచ్చేది. అందుకే బయట దొరికే కిట్ ఒకటి పెట్టించాను. దానితో ఇప్పటికి 60 వేల కిలోమీటర్లకు పైనే తిరిగాను. కారు పెట్రోల్ ఇంజిన్‌ది, గేర్లు చేత్తో మార్చేది.

ముందే చెప్పేస్తాను, నొప్పి తగ్గింది. మళ్లీ ఇలాంటి కారే కొంటే మళ్లీ పెట్టిస్తాను. ఎవరైనా దీని గురించి అడిగేటప్పుడు మాత్రం "వేగాన్ని బాగా పట్టి ఉంచుతుందా?" అనే అడుగుతారు. దాదాపు ఏ కిట్ అయినా ఆ పని చేస్తుంది. అది ఎంత త్వరగా, ఎన్ని రకాలుగా వదిలేస్తుందో చూడాలి. ఈ నాలుగేళ్లలో నాకు ఎదురైన ఇబ్బందులన్నీ ఆ వదలడం దగ్గరే వచ్చాయి.

అసలు ఇది ఎలా పనిచేస్తుందో కొంచెం తెలిస్తే మిగతాది అర్థమవుతుంది. పాత కార్లలో యాక్సిలరేటర్ పెడల్ నుంచి ఇంజిన్ దాకా ఒక కేబుల్ ఉండేది. వాటికి పెట్టే కిట్‌లో చిన్న మోటారో, గాలి పీల్చే డబ్బానో ఆ కేబుల్‌ను లాగి పట్టుకుంటుంది. ఇప్పటి కార్లలో కేబుల్ లేదు. పెడల్ దగ్గర రెండు సెన్సార్లు ఉంటాయి. చాలా కార్లలో ఒకటి ఇచ్చే వోల్టేజిలో సగం రెండోది ఇస్తుంది. ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్, అంటే ఈసీయూ, రెండింటినీ పోల్చుకుంటూ ఉంటుంది, లెక్క కుదరకపోతే తప్పు జరిగిందని గుర్తించి ఇంజిన్ బలం తగ్గించేస్తుంది. నా కిట్ పెడల్‌కూ ఈసీయూకూ మధ్య, వైర్లను కలిపే కప్లర్‌లో కూర్చుంటుంది. వేగం ఎంతుందో కారు వైరింగ్ నుంచే తెలుసుకుని, పాదం నొక్కుతున్నట్టుగా ఆ రెండు వోల్టేజీలనూ తానే తయారు చేసి పంపుతుంది. అంటే ఇంజిన్‌కు సంబంధించినంతవరకు అది నా పాదం. అందుకే దాన్ని ఎవరు బిగిస్తున్నారన్నది అంత ముఖ్యం.

కిట్ కొనే ముందు ఒక్క విషయం కనుక్కోండి. కొన్ని కార్లలో క్రూయిజ్ కంట్రోల్ ప్రోగ్రామ్ ఈసీయూలో ముందే ఉంటుంది. స్టీరింగ్ మీద బటన్లు లేవు, అంతే. కంపెనీ బటన్లు తెచ్చి బిగించి, ఈసీయూకు తగిలించే స్కానర్‌తో ఆ ప్రోగ్రామ్‌ను ఆన్ చేస్తే సరిపోతుంది. మీ కారుకు ఆ అవకాశం ఉంటే బయటి కిట్ జోలికి వెళ్లొద్దు. ఎప్పుడు వదలాలో కారు తయారు చేసినవాళ్లే రాసి పెట్టి ఉంటారు. కాకపోతే స్టీరింగ్ విప్పాలి, అందులో ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. బ్యాటరీ తీసి, చెప్పినంతసేపు ఆగి, తెలిసినవాళ్లు చేయాల్సిన పని అది. వీడియో చూసి ఇంట్లో చేసుకునేది కాదు. నా కారుకు ఆ దారి లేదని తేలాకే కిట్ తీసుకున్నాను.

మొదటిసారి బిగించిన చోట పని నాకు నచ్చలేదు. వైర్లు మెలిపెట్టి టేపు చుట్టారు. బ్రేక్ స్విచ్ నుంచి ఒకే వైరు తీసుకున్నారు. క్లచ్‌కు అసలు ఏమీ కలపలేదు. అడిగితే, క్లచ్ నొక్కితే ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) పెరుగుతుంది, అది చూసి కిట్ తానే ఆగుతుందన్నారు. ఖాళీ రోడ్డు మీద 70 వేగంలో సెట్ చేసి క్లచ్ నొక్కి చూశాను. ఇంజిన్ ఒక్కసారిగా గట్టిగా అరిచింది. కిట్ ఆగిన మాట నిజమే, ఆర్‌పీఎం ముల్లు 4,500 దాకా ఎగబాకిన తర్వాత. క్లచ్ నొక్కగానే ఇంజిన్ మీద బరువు పోతుంది, ఇటు కారు వేగం తగ్గుతుంది, కిట్ దాన్ని చూసి ఇంకా బలం ఇవ్వబోతుంది. గేర్లు చేత్తో మార్చే కారులో క్లచ్ స్విచ్ తప్పనిసరి. ఇంకో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లి మొత్తం విప్పించి మళ్లీ చేయించాను. ఆయన క్లచ్ స్విచ్ కలిపాడు, జాయింట్లకు సోల్డర్ పెట్టాడు, ప్రత్యేకంగా ఫ్యూజ్ వేశాడు, ఎర్త్‌ను బాడీకి గట్టిగా బిగించాడు. బ్రేక్ స్విచ్ నుంచి రెండు వైర్లు తీసుకున్నాడు. చాలా కార్లలో ఆ స్విచ్‌లో రెండు సర్క్యూట్లు ఉంటాయి, పెడల్ నొక్కితే ఒకటి కలుస్తుంది, ఇంకొకటి విడిపోతుంది. రెండూ కిట్‌కు అందితే ఒక వైరు తెగినా రెండోది చెబుతుంది.

బ్రేక్ లైట్ల గురించి కూడా ఒక మాట. పాత రకం కిట్లలో కొన్ని బ్రేక్ బల్బు ఫిలమెంట్ గుండా ఎర్త్ అందుతోందా లేదా అని చూసుకుంటాయి. మా స్నేహితుడు తన పాత కారుకు ఎల్‌ఈడీ బ్రేక్ లైట్లు వేయించిన రోజు నుంచి క్రూయిజ్ పట్టడం మానేసింది. కిట్ పాడైందనుకుని నెల రోజులు తిరిగాడు. ఎల్‌ఈడీలో ఫిలమెంట్ లేక కిట్‌కు ఆ ఎర్త్ అందలేదు, అంతే. చివరికి ఒక రిలే (కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్) పెడితే సరిపోయింది.

పట్టుకునే తీరు గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. మొదట్లో సెన్సిటివిటీ ఎక్కువగా పెట్టి ఉంది. చిన్న ఎత్తు వచ్చినా కారు ముందుకీ వెనక్కీ ఊగుతున్నట్టు జర్కులు ఇచ్చేది. రెండు మెట్లు తగ్గించాక నెమ్మదించింది. చదును రోడ్డు మీద ఒకటి రెండు కిలోమీటర్ల తేడాతో నిలుస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు మూడు నాలుగు తగ్గి మళ్లీ అందుకుంటుంది. పల్లంలో మాత్రం దాని చేతిలో ఏమీ లేదు. ఇది యాక్సిలరేటర్‌ను మాత్రమే ఆడించగలదు, బ్రేక్ వేయలేదు. 80కి సెట్ చేసినా పొడవైన దిగుడులో నాది 92 దాకా వెళ్లింది. దిగుడు మొదలయ్యే ముందే ఆపేసి, కింది గేరులోకి వచ్చి దిగడం నాకు అలవాటైంది.

పెట్రోల్ మిగులుతుందా అని కూడా అడుగుతుంటారు. చదును హైవే మీద కొంచెం మిగిలింది, ఎత్తుపల్లాల దారిలో తేడా కనిపించలేదు. ముందున్న ఎత్తు మనకు కనిపిస్తుంది కాబట్టి ముందే కొంచెం సర్దుకుంటాం, దానికి వేగం పడిపోయాకే తెలుస్తుంది. అసలు క్రూయిజ్ కంట్రోల్‌ను కనిపెట్టిన రాల్ఫ్ టీటర్ అనే అమెరికన్ ఇంజినీరుకు చిన్నప్పటి నుంచే చూపు లేదు. తన లాయరు కారు నడుపుతూ మాటల్లో పడి వేగం పెంచుతూ తగ్గిస్తూ ఉంటే, ఆ కుదుపులు భరించలేక ఈ ఆలోచన చేశాడంటారు. ఆయనకు 1950లో పేటెంట్ వచ్చింది, 1958 మోడల్ క్రిస్లర్ కార్లలో ఇది అమ్మకానికి వచ్చింది. పక్క సీట్లో కూర్చున్న మనిషికి పుట్టిన ఆలోచన ఇది. మా ఇంట్లో కూడా దీన్ని మొదట మెచ్చుకున్నది వెనక సీట్లో కూర్చునే అమ్మే. కడుపులో తిప్పడం తగ్గిందంది.

ఇక నన్ను నిజంగా భయపెట్టిన రోజు సంగతి. 90 వేగంలో వస్తూ రోడ్డు పని జరుగుతున్న చోట బ్రేక్ వేసి 40కి తగ్గాను. బ్రేక్ తగలగానే క్రూయిజ్ ఆగింది, కానీ 90 అన్న అంకె దాని జ్ఞాపకంలో అలాగే ఉంది. అక్కడి వేగానికి సెట్ చేద్దామనుకుని, చూడకుండా రెజ్యూమ్, అంటే పాత వేగానికి తిరిగి తీసుకెళ్లే బటన్, నొక్కేశాను. కారు ఒక్కసారిగా ముందుకు దూకింది. ముందు 50 మీటర్లలో ఒక బైకు ఉంది. వెంటనే బ్రేక్ తొక్కాను కాబట్టి ఏమీ కాలేదు, కానీ చేతులు చాలాసేపు వణికాయి. ఆ రోజు నుంచి రెజ్యూమ్ బటన్ దాదాపు వాడటం లేదు. పాదంతోనే కావాల్సిన వేగానికి వచ్చి, అప్పుడు కొత్తగా సెట్ చేస్తాను. హైవే దిగగానే మెయిన్ స్విచ్ ఆపేస్తాను. నా కిట్‌లో అలా ఆపితే పాత అంకె చెరిగిపోతుంది.

వానలో ఇది వాడకూడదని అందరూ చెబుతారు, ఎందుకో చాలామంది చెప్పరు. చక్రం నిలిచిన నీళ్ల మీదికి ఎక్కితే నీళ్లు కారును వెనక్కి లాగుతాయి. వేగం తగ్గిందనుకుని క్రూయిజ్ ఇంకా బలం ఇస్తుంది. టైరుకు పట్టు లేని క్షణంలోనే ఇంజిన్ గట్టిగా తిప్పుతుంది. కంపెనీ నుంచి వచ్చిన క్రూయిజ్ అయితే, చక్రం జారుతోందని కారు గుర్తించగానే సాధారణంగా తానే ఆగిపోతుంది. బయటి కిట్‌కు ఆ కబురు అందకపోవచ్చు. నేను వైపర్ వేయాల్సి వస్తే క్రూయిజ్ ఆపేస్తాను. పొగమంచులో, మలుపుల దారిలో, బండ్లు దగ్గర దగ్గరగా ఉన్నప్పుడు అసలు ఆన్ చేయను. నిద్ర వస్తున్నప్పుడు కూడా అంతే. పాదానికి పని లేకపోతే కళ్లు ఇంకా త్వరగా మూతపడతాయి, అలాంటప్పుడు కారు పక్కన ఆపడం తప్ప వేరే మందు లేదు.

పాదం ఎక్కడ ఉంచుతామన్నది కూడా తేలిక విషయం కాదు. మొదటి నెలలో హాయిగా కాలు వెనక్కి మడిచి సీటు దగ్గర పెట్టుకునేవాణ్ని. ఒకసారి ముందు లారీ ఉన్నట్టుండి బ్రేక్ వేసింది. పెడల్ అందుకోవడానికి నాకు అర సెకను ఎక్కువ పట్టినట్టుంది. 90 వేగంలో కారు సెకనుకు 25 మీటర్లు పోతుంది, అర సెకనంటే పన్నెండున్నర మీటర్లు. ఇప్పుడు మడమ నేల మీద ఆనించి, పాదం బ్రేక్ పక్కనే ఉంచుతాను. అలా ఉంచినా చీలమండకు విశ్రాంతి దొరుకుతోంది.

ప్రతి ప్రయాణంలో రోడ్డు ఖాళీగా ఉన్న మొదటి చోట ఒక పరీక్ష చేస్తాను. సెట్ చేస్తాను, బ్రేక్‌ను తేలిగ్గా తాకుతాను, ఆగాలి. మళ్లీ సెట్ చేసి క్లచ్. మళ్లీ సెట్ చేసి క్యాన్సిల్ బటన్. చివరగా మెయిన్ స్విచ్. రెండు నిమిషాలు పట్టదు. రెండో ఏడాది చివర బ్రేక్ పెడల్ దగ్గర ఏదో పని చేయించాను. ఆ తర్వాతి ప్రయాణంలో పరీక్ష చేస్తే, తేలిగ్గా తాకినప్పుడు క్రూయిజ్ ఆగలేదు. ఇంకొంచెం లోపలికి నొక్కితేనే ఆగింది. వర్క్‌షాపులో పని చేసేటప్పుడు బ్రేక్ స్విచ్ కొద్దిగా పక్కకు జరిగింది. బ్రేక్ లైట్లు కూడా ఆలస్యంగా వెలుగుతున్నాయి, అది నాకు సీట్లో కూర్చుంటే కనిపించేది కాదు. తిరిగి వెళ్లి సరిచేయించాను. అప్పటి నుంచి సర్వీసుకు ఇచ్చేటప్పుడు కిట్ ఉందని ముందే చెబుతాను. పెడల్ సెన్సార్ తప్పు చూపితే వాళ్లు ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. ఇన్సూరెన్స్ వాళ్లకు కూడా రాసి ఇచ్చాను.

మూడో ఏడాదిలో ఒకసారి ఎర్త్ వదులై కిట్ లైటు ఆరిపోయింది, క్రూయిజ్ పట్టలేదు. దానికి నాకేమీ బాధ అనిపించలేదు. చెడిపోతే అలాగే చెడిపోవాలి. వదలకుండా ఇరుక్కుపోవడం నాకు ఎప్పుడూ జరగలేదు, అయినా ఏం చేయాలో ఖాళీ రోడ్డు మీద సాధన చేసి పెట్టుకున్నాను. బ్రేక్‌ను ఒక్కసారే గట్టిగా తొక్కి పట్టాలి. వదిలి వదిలి తొక్కకూడదు. పెట్రోల్ ఇంజిన్ పూర్తి బలంతో తిరుగుతున్నప్పుడు బ్రేక్‌కు సాయపడే వాక్యూమ్ మళ్లీ నిండదు, రెండు మూడు తొక్కుళ్లకే పెడల్ బిగుసుకుపోతుంది. క్లచ్ నొక్కి న్యూట్రల్‌లో వేయాలి, ఇంజిన్ ఎంత అరిచినా పట్టించుకోకూడదు. కారు పక్కకు తెచ్చి నిలిపాకే ఇంజిన్ ఆపాలి. పోతూ ఉన్నప్పుడు తాళం పూర్తిగా తిప్పేస్తే స్టీరింగ్ బరువెక్కుతుంది, లాక్ కూడా పడొచ్చు.

పోయిన వారం మా తమ్ముడు రెండు రోజులకు కారు అడిగాడు. వాడి కారులో రాడార్ ఉన్న క్రూయిజ్ ఉంది. "అన్నయ్యా, ముందు బండి దగ్గరైతే ఇది కూడా తగ్గించుకుంటుందిగా?" అన్నాడు, బటన్లు చూస్తూ. "లేదురా, దీనికి ముందు ఏముందో కనిపించదు. అంతా నువ్వే చూసుకోవాలి" అన్నాను. తాళాలు ఇవ్వకుండా ముందు వాణ్ని డ్రైవింగ్ సీట్లో కూర్చోబెట్టి, నేను పక్కన కూర్చుని, ఖాళీ రోడ్డు మీదికి తీసుకెళ్లాను. బ్రేక్, క్లచ్, క్యాన్సిల్, మెయిన్ స్విచ్, నాలుగింటితోనూ వాడి చేతే ఆపించాను. రెజ్యూమ్ బటన్ మీద చిన్న టేపు ముక్క అంటించి, అప్పుడు తాళాలు ఇచ్చాను.