గంధం మొక్కలు బాగున్నాయి, చెప్పాల్సిన మాటే చెప్పలేదు

పోయిన ఆగస్టులో వింజమూరు దగ్గర మా మెట్ట చేలో వేయడానికి పొదలకూరు వైపు ఒక నర్సరీలో 60 శ్రీగంధం మొక్కలు కొన్నాను. ఒక్కోటి 45 రూపాయలు. తిట్టేది కూడా ఉంది కాబట్టి నర్సరీ పేరు రాయను.

మొక్కలకి వంక పెట్టే పని లేదు. జానెడున్నర ఎత్తు, గట్టి కాండం. ఆటోలో ఎక్కించాక తడి గోనెపట్టా కప్పి పంపారు.

కానీ ప్రతి కవరులోనూ గంధం పక్కన పొన్నగంటాకు ఉంది. కలుపు కూడా తీయరా వీళ్లు అనుకుని, నాటే ముందు రోజు కూర్చుని ఇరవై కవర్లలో శుభ్రంగా పీకేశా. మా అమ్మ చూసి, "పీకినోడివి కూరకన్నా ఇవ్వకపోతివే" అంది. మిగతా నలభై బద్ధకించి వదిలేశా.

రెండు నెలలకి పీకిన ఇరవై మొక్కలూ పాలిపోయి, ఎదుగూ బొదుగూ లేకుండా నిలబడిపోయాయి. ఫోన్ చేస్తే నర్సరీ ఆయన అప్పుడు చెప్పాడు: "అయ్యో సార్, గంధానికి తోడుండాల గదా! తీసేస్తే ఎట్టా?" ఈ ముక్క డబ్బులు లెక్కపెట్టుకునేటప్పుడు చెప్పొచ్చు కదా.

గంధం తిండి తన ఆకుల్లో తనే వండుకుంటుంది గానీ, నీళ్లూ లవణాలూ పక్క మొక్క వేర్ల నుంచి లాక్కుంటుంది. మామిడి కొమ్మ మీద బదనిక చేసే పనే, ఇది మట్టి కింద చేస్తుంది. రెండూ దూరపు చుట్టాలే. అడవిలో అయితే పిట్టలు పండు తిని ఏ పొద మీదో వాలి గింజ వదులుతాయి, మొలిచిన చోటే చుట్టూ వేర్లు. చేలో ఆ ఇరుగుపొరుగుని మనమే పెట్టాలి.

ఆయన చెప్పినట్టు పక్కనే కంది వేశా. ఫిబ్రవరిలో మేక కొరికి ఎండిన ఒక కంది మొక్కను పారతో తవ్వి చూశా. వేరుకి సగ్గుబియ్యం గింజంత బొడిపెలు. కందికి మామూలుగా ఉండే నత్రజని బుడిపెలే అనుకున్నా. ఒకదాని తోకలాంటి సన్న వేరు పట్టుకుని మట్టి గీక్కుంటూ పోతే గంధం మొదట్లో తేలింది! అంటే అది గంధం వేరు కంది వేరుని పట్టుకుని పీల్చే బొడిపె అన్నమాట.

కంది ఎన్నాళ్లో ఉండదు. అందుకే ఈసారి మధ్యలో సరుగుడు పెట్టా. దాని వేర్లలో ఫ్రాంకియా అనే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి పెడుతుంది. బాక్టీరియా సరుగుడుకి పెడితే, సరుగుడు దగ్గర గంధం గుంజుకుంటుంది. సరుగుడు నారు మాత్రం ఇక్కడ కొనకండి, సముద్రం వైపు ఊళ్లలో చవక.

పీకిన ఇరవైలో 11 పోయాయి, నలభైలో 2. డబ్బు వెనక్కి ఇవ్వలేదు, 5 మొక్కలు ఊరికే ఇచ్చారు. గేటు దగ్గర "పదిహేనేళ్లకి కోట్లు" అని పెద్ద బోర్డు ఉంది. అందులో ఒక మూల పొన్నగంటాకు సంగతి రాస్తే సరిపోయేది. మొక్కలకి 4 స్టార్లు, మాటకి 2.

పొన్నగంటాకు గంధాన్ని కమ్మేయకుండా కొసలు తుంచుతూ ఉండాలట. కొత్త అయిదింటివీ తుంచి ఈసారి అమ్మకే ఇచ్చా.