తొమ్మిదేళ్లుగా వాడుతున్న బాయిలర్: ఉండుండి ఆగిపోవడం వెనక అసలు కారణం

మా ఇంటి గ్యాస్ కాంబి బాయిలర్‌కి ఈ చలికాలంతో తొమ్మిదేళ్లు నిండాయి. గదుల్ని వెచ్చబరిచే రేడియేటర్లకైనా, కుళాయికైనా వేడినీళ్లు దీన్నుంచే రావాలి. మొదటి ఐదేళ్లు ఏడాదికోసారి సర్వీసింగ్ చేయించడం తప్ప దాని గురించి ఆలోచించే పనే పడలేదు. ఆ మాట ముందే చెప్పడం న్యాయం, ఎందుకంటే ఇకమీద రాసేదంతా దాని జబ్బుల గురించే.

పూర్తిగా పాడైతే ఒకందుకు నయం, ఎవరో వచ్చి విప్పి పాడైంది మారుస్తారు. మాది అలా కాదు. రాత్రి ఆగిపోయి, లోపల మంట లేదని చెప్పే ఎర్రర్ కోడ్ చూపించేది. పొద్దున టెక్నీషియన్ వచ్చి రీసెట్ నొక్కగానే బుద్ధిగా వెలిగేది, ఆయన గంటసేపు కూర్చున్నా ఏమీ అయ్యేది కాదు. మూడోసారి వచ్చినప్పుడు మంటను పసిగట్టే ఎలక్ట్రోడ్ మార్చారు, తర్వాత సర్క్యూట్ బోర్డే మార్చారు. పది రోజులు బాగుంది, మళ్లీ అదే కోడ్. బయట గడ్డకట్టే చలి, ఇంట్లో చిన్నపిల్ల, ఎదురుగా ఆ ఎర్ర లైటు... ఆ టెన్షన్ పడ్డవాళ్లకే తెలుస్తుంది.

అప్పుడు బాయిలర్ పక్కనే ఒక నోట్‌బుక్ పెట్టాం. ఆగినప్పుడల్లా టైమ్, లోపలి నీళ్ల ప్రెషర్, అంతకుముందు ఎంతసేపు మండింది, బయట వాతావరణం ఎలా ఉంది, అన్నీ రాశాం. మా ఆవిడ నాకంటే ఓపిగ్గా రాసింది. మూడు వారాలకి విషయం కళ్లకు కట్టింది: గాలివానకీ దీనికీ సంబంధం లేదు, పదకొండుసార్లు ఆగితే తొమ్మిదిసార్లు రెండు మూడు గంటలు ఏకబిగిన మండాకే ఆగింది. పైగా గ్యాస్ ఆదా కోసం రేడియేటర్లకి వెళ్లే నీటి వేడిని 75 డిగ్రీల నుంచి 55కి తగ్గించాకే ఇదంతా మొదలైందని తనే గుర్తుచేసింది.

ఇది కండెన్సింగ్ రకం. రేడియేటర్ల నుంచి తిరిగొచ్చే నీళ్లు సుమారు 55 డిగ్రీలకంటే చల్లగా ఉంటే పొగలోని ఆవిరి నీరుగా మారుతుంది, ఆ వేడి కూడా మనకు దక్కుతుంది. అంటే తగ్గించి మంచిపనే చేశాం. కానీ అలా ఊరే నీరు బయటికి పోవాలి కదా. ఒక రాత్రి ముందు ప్యానెల్ దగ్గర చెవి పెట్టి నిల్చున్నాను. లోపల గుడగుడమని చప్పుడు, చిన్న అద్దంలోంచి చూస్తే నీలిమంట వణికి వణికి ఆరిపోయింది, కాసేపు టకటకమని వెలిగించే ప్రయత్నం చేసి కోడ్ చూపించింది. ఈ సంగతి చెప్పాక టెక్నీషియన్ కింద ఉన్న కండెన్సేట్ ట్రాప్, అంటే ఆ ఊరిన నీరు బయటికి పోయే గిన్నెలాంటి భాగం, విప్పారు: సగానికి పైగా బూడిదరంగు మడ్డి, అందులో నల్లటి రవ్వలు. నీరు చుక్కచుక్కగా దిగుతోంది కాబట్టి ఎక్కువసేపు మండితే లోపల నిండి మంటను ఆర్పేది, తెల్లారేలోపు మెల్లగా దిగిపోయేది. ఆయన వచ్చేసరికి అంతా ఖాళీ! ట్రాప్ కడిగి బిగించారు, మూడేళ్లయింది, ఆ కోడ్ మళ్లీ రాలేదు. బాగున్న బోర్డు మార్చినందుకు ఇప్పటికీ బాధే. మంట ఆగిందని కోడ్ చెప్పింది, ఎందుకు ఆగిందో చెప్పలేదు.

ఇంకో తలనొప్పి ప్రెషర్. చల్లగా ఉన్నప్పుడు 1.2 బార్ (ప్రెషర్ కొలత), వేడెక్కితే దాదాపు 3, మర్నాడు పొద్దున 0.4. ఎక్కడా లీకు కనబడదు. వేడికి పెరిగే నీళ్లకి చోటిచ్చే గాలి డబ్బాని ఎక్స్‌పాన్షన్ వెసెల్ అంటారు. అందులో గాలి తగ్గిపోతే పెరిగిన నీళ్లకి చోటు దొరకదు, 3 బార్ దగ్గర సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని బయటి పైపులోంచి కొంత పారబోస్తుంది. మేం నెలల తరబడి నీళ్లు నింపుతూ పోయాం, అది తప్పు. కొత్త నీళ్లతో వచ్చే ఆక్సిజన్ రేడియేటర్లని లోపల్నుంచి తుప్పు పట్టిస్తుంది. సిస్టమ్‌లోని నీళ్ల ప్రెషర్ తీసేసి వెసెల్‌కి గాలి కొట్టాక ముల్లు 1.2కీ 1.7కీ మధ్యే తిరుగుతోంది. వెసెల్‌కి గాలి కొట్టే వాల్వ్ పిన్ను నొక్కితే గాలికి బదులు నీళ్లు వచ్చి ఉంటే లోపలి రబ్బరు పొర చిరిగినట్టే, వెసెల్ మార్చాల్సి వచ్చేది.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. నోట్‌బుక్, ప్రెషర్ చూడటం, చప్పుళ్లు వినడం మన పని. గ్యాస్ వైపు, మంట ఉండే మూసిన పెట్టె జోలికి మాత్రం అర్హత ఉన్నవాళ్లే వెళ్లాలి. పదేపదే రీసెట్ నొక్కుతూ గడపొద్దు. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుని పసిగట్టే అలారం లేకపోతే ఈ రోజే పెట్టించండి.

వేడినీళ్ల విషయంలో ఈ బాయిలర్‌కి వంక పెట్టలేను. విసుగు తెప్పించేవి రెండు: చివరి కోడ్ ఒక్కటే గుర్తుపెట్టుకుంటుంది, అదీ టైమ్ లేకుండా, ట్రాప్ ఎక్కడో వెనక మూలన ఉంది, చెయ్యి పట్టదు. ఇప్పుడు ప్రతి సర్వీసింగ్‌లో దాన్ని నా ఎదురుగా విప్పి కడిగిస్తున్నాను. పోయినసారి అడుగున చెంచాడు మడ్డి వచ్చింది.