స్టూడెంట్ డేటింగ్ యాప్‌కి రిక్వైర్‌మెంట్స్: గూగుల్ ఫారమా, ముఖాముఖి మాటలా? యూజర్ స్టోరీనా, యూజ్ కేసా?

మా అక్క కూతురు సీఎస్‌ఈ ఫైనలియర్. వాళ్ళ బ్యాచ్ నలుగురూ ఎంచుకున్న ప్రాజెక్టు, కాలేజీ విద్యార్థుల కోసం డేటింగ్ సిస్టమ్. గైడ్ ఎలా ఒప్పుకున్నారో నాకిప్పటికీ అర్థం కాదు. మొదటి రివ్యూకి వారం ముందు ఎస్‌ఆర్‌ఎస్, అంటే యాప్ ఏమేం చేయాలో (రిక్వైర్‌మెంట్స్) రాసిన పత్రం, నాకు పంపి, "మామయ్యా, ఒక్కసారి చూసిపెట్టవా" అంది. రిజిస్ట్రేషన్ మాడ్యూల్, లాగిన్ మాడ్యూల్, అడ్మిన్ మాడ్యూల్... పేరు మారిస్తే లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌కీ సరిగ్గా సరిపోతుంది.

"ఇవన్నీ ఎవర్నడిగి రాశారే?" అన్నాను.

"ఫారం పెట్టాం కదా మామయ్యా, క్లాసు వాట్సాప్ గ్రూపులో."

ఆ ఫారం తెరిచి చూశాను. మొదటి ప్రశ్న: మీ పార్ట్‌నర్‌కి ఏ హాబీలుంటే ఇష్టం? రెండోది: మ్యాచింగ్‌లో ఏఐ కావాలా? ఏఐ వద్దనేవాడు ఎవడుంటాడు? మొదటి ప్రశ్నతో ఇంకా పెద్ద చిక్కుంది. అది యాప్ తయారయ్యాక యాప్ లోపల అడగాల్సింది. దాని జవాబు డేటా అవుతుంది, రిక్వైర్‌మెంట్ అవదు. ఈ రెండూ కలిసిపోవడం ఈ సబ్జెక్టులో మామూలే, ఎందుకంటే డేటింగ్ సిస్టమ్‌లంటేనే ప్రశ్నపత్రాల మీద పుట్టినవి. 1965లో హార్వర్డ్ విద్యార్థులు జెఫ్ టార్, వాన్ మోరిల్ 'ఆపరేషన్ మ్యాచ్' మొదలుపెట్టారు. విద్యార్థులు కాగితం ఫారం నింపి 3 డాలర్లతో పోస్టులో పంపితే, జవాబులను పంచ్ కార్డుల్లోకి ఎక్కించి ఐబీఎం కంప్యూటర్‌కి తినిపించేవారు. కొన్నాళ్ళకు జోడీ కుదిరినవాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లతో ప్రింటవుట్ ఇంటికొచ్చేది. 2017లో స్టాన్‌ఫర్డ్‌లో క్లాసు ప్రాజెక్టుగా మొదలైన 'మ్యారేజ్ ప్యాక్ట్' కూడా ప్రశ్నపత్రమే. జోడీలు కుదర్చడానికి అందులో వాడిన ఆలోచన 1962లో గేల్, షాప్లీ రాసిన స్టేబుల్ మ్యారేజ్ లెక్కది: తమ జోడీలను వదిలి ఒకరితో ఒకరు వెళ్ళిపోవాలని ఏ ఇద్దరికీ అనిపించకుండా జతలు కుదర్చడం. రెండు చోట్లా ప్రశ్నపత్రమే సరుకు. సరుకు ఎలా ఉండాలో తేల్చడానికి అదే ప్రశ్నపత్రం పనికొస్తుందనుకోవడం దగ్గరే మావాళ్ళు తప్పులో కాలేశారు.

ఫోన్ నంబర్ల సంగతే చూడండి. ముక్కూమొహం తెలియనివాడికి తన నంబర్ ప్రింటు తీసి పంపే యాప్‌లో మా మేనకోడలు చేరుతుందా? చేరదు. ఆ మాట ఫారంలో రాదు, ఎందుకంటే ఫారంలో మనం వేసిన ప్రశ్నకే జవాబొస్తుంది. మనకు తోచని ప్రశ్న అక్కడుండదు.

సరే, ముఖాముఖి మాట్లాడండి అన్నాను. వాళ్ళు చేసిందేమిటంటే, క్యాంటీన్‌లో ఆరుగురిని ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టారు, అబ్బాయిలూ అమ్మాయిలూ కలిపి. దాన్ని ఫోకస్ గ్రూప్ అంటారట. అరగంటలో సమోసాలు అయిపోయాయి, అబ్బాయిలు జోకులేశారు, అమ్మాయిలు ఫోన్లు చూసుకున్నారు. కొత్త బస్ పాస్ యాప్ గురించైతే ఇదే గుంపు గంటసేపు అరిచేది. డేటింగ్ గురించి నలుగురిలో నిజం చెప్పే అమ్మాయి మన కాలేజీల్లో దొరకడం కష్టం.

పని జరిగింది ఆ తర్వాత. మావాళ్ళమ్మాయి హాస్టల్లో ఒక జూనియర్‌తో రాత్రి భోజనాలయ్యాక ఒంటరిగా కూర్చుంది. లాప్‌టాప్ లేదు, రికార్డింగ్ లేదు. "ఈ యాప్ వస్తే వాడతావా" అనడానికి బదులు "ఏం జరిగితే తీసేస్తావు" అని అడిగింది. జూనియర్ కాసేపు ఆలోచించి, "అందులో నేనున్నట్టు మా అన్నయ్య ఫ్రెండ్స్‌లో ఎవరికైనా కనబడితే అక్కా" అందట.

ఆ ఒక్క వాక్యంలోంచి ఎన్ని రిక్వైర్‌మెంట్స్ రాలాయో చూడండి. ఎవరికి కనబడకూడదో తనే నిర్ణయించుకునే వీలు. తను ముందు లైక్ కొట్టినవాళ్ళకే తన ఫొటో కనబడే సెట్టింగ్. మొదట్లో పూర్తి పేరు, రోల్ నంబర్ బయటపెట్టకపోవడం. నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఫోన్ తెరమీద యాప్ పేరు కనబడకపోవడం. ఇవేవీ ఆ ఎస్‌ఆర్‌ఎస్‌లో లేవు.

కాబట్టి ఈ సబ్జెక్టుకి ముఖాముఖే మేలని నా మాట. అదీ ఒక్కొక్కరితో, అమ్మాయిలతో అమ్మాయిలే మాట్లాడాలి. ఏడెనిమిది మందితో మాట్లాడేసరికి చెప్పిందే మళ్ళీ వినబడటం మొదలవుతుంది. ఫారం ఆ తర్వాత పెట్టండి. అప్పుడు ప్రశ్న కూడా మారుతుంది: మాటల్లో బయటపడ్డ ఈ భయాల్లో మీకు ఏది ఎక్కువ? లెక్కలకి ఫారం బాగుంటుంది, లెక్కపెట్టాల్సినవేవో ముందు తెలిస్తే. మావాళ్ళు దాన్ని తిరగేసి చేశారు. పైగా వాళ్ళ ఫారం నింపినవాళ్ళలో అబ్బాయిలే ఎక్కువ. అబ్బాయిలు మాత్రమే మిగిలే యాప్‌కి అవి చక్కటి రిక్వైర్‌మెంట్స్ అన్నమాట.

మాట్లాడాల్సింది యాప్ వాడేవాళ్ళతోనే కాదు. 2003లో మార్క్ జుకర్‌బర్గ్ హార్వర్డ్‌లో ఫేస్‌మాష్ పెట్టాడు. హాస్టళ్ళ ఆన్‌లైన్ డైరెక్టరీల నుంచి విద్యార్థుల ఫొటోలు లాగి, రెండేసి పక్కపక్కన పెట్టి ఎవరు బాగున్నారని అడిగే సైటు. చూసినవాళ్ళు ఎగబడ్డారు. ఆ ఫొటోల్లో ఉన్నవాళ్ళను మాత్రం ఎవరూ అడగలేదు. కొద్దిరోజుల్లోనే సైటు మూతపడింది, అతను క్రమశిక్షణ బోర్డు ముందు నిలబడాల్సి వచ్చింది.

పరిశీలన అనే పద్ధతి కూడా పుస్తకాల్లో ఉంటుంది. బ్యాంకు కౌంటర్ దగ్గరైతే కూర్చుని చూడొచ్చు. ఇక్కడ అలా పక్కన కూర్చుంటే తన్నులు తినాలి. కాగితాలు చదవడం మాత్రం వదలకండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 నిండనివాళ్ళు పిల్లల కిందే లెక్క, వాళ్ళ డేటా తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. డేటింగ్ యాప్‌కి నాన్న అనుమతి అడగడం అయ్యే పనేనా? అంటే 18 నిండనివాళ్ళను రానివ్వకూడదనే అర్థం. మావాళ్ళ ఎస్‌ఆర్‌ఎస్‌లో "కాలేజీ ఈమెయిల్ ఉంటే చాలు" అని ఉంది. బీటెక్ ఫస్టియర్‌లో పదిహేడేళ్ళవాళ్ళు ఉంటారు, వాళ్ళకీ కాలేజీ ఈమెయిల్ ఉంటుంది.

ఇక రాయడం సంగతి. యూజర్ స్టోరీ, యూజ్ కేసుల్లో ఏది మేలని నన్నడిగితే ఆఫీసులో నా జవాబు వేరు, ఇక్కడ వేరు. ఆఫీసులో మేం స్టోరీలే రాస్తాం. 1990ల చివర్లో కెంట్ బెక్ తెచ్చిన ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే సాఫ్ట్‌వేర్ తయారీ విధానంతో వచ్చిన పద్ధతి అది. ఒక చిన్న కార్డు మీద ఒక కోరిక రాసి, మిగతాది కూర్చుని మాట్లాడుకోవడం. మావాళ్ళ కార్డు ఇదీ: "విద్యార్థినిగా నేను వేధించేవారిని రిపోర్ట్ చేయాలి, దానివల్ల నాకు భద్రత ఉంటుంది." బాగానే ఉంది. దీన్ని చదివి కోడ్ రాసే కుర్రాడు ఒక బటన్ పెడతాడు. పని అయిపోయిందంటాడు.

అదే సంగతిని యూజ్ కేసుగా రాయించాను. వాడే మనిషి ఏం చేస్తే సిస్టమ్ ఏం చేస్తుందో అడుగడుగుగా రాయడం అది, స్వీడన్‌కి చెందిన ఇవార్ జేకబ్‌సన్ 1980ల్లో ముందుకు తెచ్చిన పద్ధతి. పుల్లలమనిషి పక్కన గుండ్రాలు గీసి ఇదే యూజ్ కేస్ అని సరిపెడతారు చాలామంది, కానీ అసలు విలువ కింద రాసే అడుగుల్లో ఉంది. ఆమె చాట్ తెరుస్తుంది. రిపోర్ట్ నొక్కుతుంది. కారణం ఎంచుకుంటుంది. సిస్టమ్ చాట్ కాపీ దాచి అడ్మిన్‌కి పంపుతుంది. ఇప్పుడు ప్రతి అడుగు దగ్గరా ఆగి, ఇలా జరక్కపోతే ఏంటి అని అడగాలి. ఒకటో అడుగు దగ్గరే ఇరుక్కున్నారు: వేధించేవాడు తిట్టాల్సినవి తిట్టి, వెంటనే అన్‌మ్యాచ్ చేసి, అంటే జోడీ తెంచేసి, వెళ్ళిపోయాడు. ఆమెకి తెరవడానికి చాట్ లేదు. రిపోర్ట్ బటన్ ఆ చాట్‌లోనే ఉంది.

నాలుగో అడుగు దగ్గర మావాళ్ళమ్మాయి తలెత్తి, "మామయ్యా, అడ్మిన్ మా బ్యాచ్‌లోవాడే" అంది. రిపోర్ట్ వాడి రూమ్మేట్ మీదే వస్తే?

కోరికలు తేలిగ్గా ఉన్నచోట స్టోరీ చాలు. ప్రొఫైల్ ఫొటో మార్చడానికి యూజ్ కేస్ రాయడం టైమ్ వేస్ట్. మనిషికి మనిషి హాని చేయగలిగిన చోట, అంటే రిపోర్ట్, బ్లాక్, అన్‌మ్యాచ్, అకౌంట్ తీసేయడం, ఈ నాలుగింటికీ యూజ్ కేసే రాయాలి. ఇక్కడ రాజీ లేదు.

డేటా ఎక్కణ్ణుంచి ఎక్కడికి వెళ్తుందో బాణాలతో గీసే డేటా ఫ్లో డయాగ్రమ్‌ని పాతదని తీసిపారేస్తారు. 1970ల నాటి వస్తువే, నిజమే. అయినా అన్నయ్య ఫ్రెండ్స్‌కి కనబడకుండా ఉండే ఫీచర్‌ని దానిమీద గీసి చూడండి. ఎవరికి కనబడకూడదో యాప్‌కి తెలియాలని, ఫోన్‌లోని కాంటాక్ట్స్ మొత్తం సర్వర్‌కి వెళ్ళే బాణం ఒకటి కనబడుతుంది. ఆ నంబర్ల తాలూకు మనుషులు మన యాప్ పేరైనా విని ఉండరు. అది చూశాకే మావాళ్ళు, దాచాల్సిన నంబర్లు మాత్రం ఆ అమ్మాయే టైపు చేసేలా మార్చారు.

అన్నిటికన్నా నాకు నచ్చింది స్టేట్ డయాగ్రమ్. ఒక్క జోడీ జీవితం మొత్తం ఒకే పేజీలో: ఒకరే కొట్టిన లైక్, మ్యాచ్, చాట్, అన్‌మ్యాచ్, బ్లాక్, రిపోర్ట్. ఏ గడి నుంచి ఏ గడికి బాణం ఉందో, ఎవరు నొక్కితే కదులుతుందో గీస్తే చాలు, అన్‌మ్యాచ్ నుంచి రిపోర్ట్‌కి బాణం లేదని చిన్నపిల్లాడైనా చూపిస్తాడు. మావాళ్ళు ఆ బాణం ఎర్ర పెన్నుతో గీశారు. తర్వాత దాని పక్కనే ఇంకో చిక్కొచ్చింది: రిపోర్ట్ అయినవాడు అకౌంట్ తీసేసి, నా డేటా అంతా చెరిపేయమంటే, ఆమెకున్న ఒక్క సాక్ష్యమైన ఆ చాట్ కాపీని ఎన్నాళ్ళు ఉంచాలి? గైడ్‌ని అడుగుతామన్నారు. రివ్యూకి తీసుకెళ్ళిన కాగితంలో ఆ బాణం మీద ప్రశ్నగుర్తు అలాగే ఉంది.